కాన్పు గదిలో గుండె గీత: అది చెప్పేదెంత, కోర్టులు చెప్పించేదెంత

కాన్పు జరుగుతున్నంతసేపూ తల్లి పొట్టకు రెండు బెల్టులు కట్టి, బిడ్డ గుండె వేగాన్నీ నొప్పుల రాకపోకలనూ ఒకే కాగితం మీద గీసే యంత్రం పేరు కార్డియోటోకోగ్రాఫ్. లేబర్ రూము వాడుకలో సీటీజీ. ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుతారు. మొదటిసారి ఏ అర్ధరాత్రో, పక్క మంచం మీద ఇంకొకామె నొప్పులు పడుతుండగా, స్టాఫ్ నర్సో డ్యూటీ డాక్టరో నిలబడి చదువుతారు. రెండోసారి, ఏళ్లు గడిచి ఆ బిడ్డకు శరీర కదలికలను దెబ్బతీసే మెదడు సమస్య, సెరిబ్రల్ పాల్సీ, ఉందని తేలాక, లాయర్లూ నిపుణ సాక్షులూ తీరిగ్గా కూర్చుని చదువుతారు. మొదటి చదువులో ఎవరికీ తెలియని సంగతి రెండో చదువులో అందరికీ తెలుసు: బిడ్డ ఏమైందో. ఈ రకం నిర్లక్ష్యం కేసుల్లో తగవంతా ఈ రెండు చదువుల మధ్యనే ఉంది.

అరవై ఏళ్లుగా పోగైన పరిశోధననూ, దాని చుట్టూ అల్లుకున్న న్యాయాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మాట తేలుతుంది. బిడ్డ బాగుందని చెప్పడంలో ఈ గీత నమ్మదగ్గ సాక్షి. బిడ్డ మెదడుకు దెబ్బ తగిలిందని చెప్పడంలో బలహీనమైన సాక్షి. కోర్టులు మాత్రం దాన్ని ఎక్కువగా రెండో పనికే బోనెక్కిస్తున్నాయి.

చెవి నుంచి కాగితానికి

కడుపులో బిడ్డ గుండె చప్పుడు బయటికి వినపడుతుందని యూరప్ వైద్యులు గ్రహించి రెండు వందల ఏళ్లు దాటింది. 1818లో జెనీవా సర్జన్ ఫ్రాంస్వా మేయర్ తల్లి పొట్టకు చెవి ఆనించి విన్నాడు. 1821లో కెర్గరాడెక్ అనే ఫ్రెంచి వైద్యుడు, కొత్తగా వచ్చిన స్టెతస్కోపుతో విన్నాడు. 1833లో డబ్లిన్ వైద్యుడు ఎవరీ కెనెడీ, గుండె వేగంలో మార్పులు బిడ్డ ఇబ్బందికి గుర్తు కావచ్చని రాశాడు. 1895లో అడాల్ఫ్ పినార్ తయారుచేసిన గరాటు గొట్టానికి వారసురాలే మన ఏఎన్ఎంల చేతిలోని ఫీటోస్కోపు.

అయితే చెవి విన్నది కాగితం మీద మిగలదు. వినని నిమిషాల్లో ఏం జరిగిందో తెలియదు. 1968లో అమెరికాలో బెన్సన్ బృందం దాదాపు 25 వేల కాన్పుల రికార్డులను పరిశీలించి, బిడ్డ పరిస్థితి మరీ విషమించినప్పుడు తప్ప చెవితో లెక్కపెట్టిన వేగం ఏమీ పట్టివ్వడం లేదని తేల్చింది. సరిగ్గా ఆ కాలానికే యేల్‌లో ఎడ్వర్డ్ హాన్, ఉరుగ్వేలో కాల్డేరో-బార్సియా, జర్మనీలో హమ్మాకర్ గుండె వేగాన్ని ఆపకుండా నమోదు చేసే పద్ధతులను సిద్ధం చేశారు. 1968లోనే యంత్రం మార్కెట్లోకి వచ్చింది. బిడ్డల మరణాలూ, మెదడు దెబ్బలూ సగానికి సగం తగ్గిపోతాయన్న ఆశతో ఆసుపత్రులు కొన్నాయి. ఆ ఆశ నిజమో కాదో చూసే మొదటి నియంత్రిత ప్రయోగం డెన్వర్ నుంచి 1976లో గానీ రాలేదు. యంత్రం పెట్టిన తల్లుల్లో సిజేరియన్లు రెండు రెట్లు దాటాయనీ, బిడ్డలకు ఒరిగిన లాభమేమీ కనపడలేదనీ ఆ ప్రయోగం చెప్పింది. అప్పటికే యంత్రాలు లేబర్ రూముల్లో పాతుకుపోయాయి.

గీతలో ఏం చూస్తారు

నొప్పి వచ్చినప్పుడు గర్భసంచి కండరం బిగుసుకుంటుంది. మాయకు అందే తల్లి రక్తం కొద్దిసేపు తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తన నిల్వలతో ఆ నిమిషం దాటేసి, కండరం సడలగానే తేరుకుంటుంది. ఆక్సిటోసిన్ డ్రిప్ అతి వేగంగా పోయి, పది నిమిషాల్లో అయిదుకు మించి నొప్పులు వస్తుంటే తేరుకునే వ్యవధి చాలదు. మాయ ముందే నీరసించి ఉన్నా, బొడ్డుతాడు నొక్కుకుపోయినా అంతే.

గీత చదివేవాళ్లు మొదట సగటు వేగం చూస్తారు. నిమిషానికి 110 నుంచి 160 వరకు మామూలు. తర్వాత గీతలోని సన్నటి వణుకు చూస్తారు. అది నిమిషానికి 6 నుంచి 25 చప్పుళ్ల హెచ్చుతగ్గులతో ఉంటే బిడ్డ మెదడూ గుండే సక్రమంగా మాట్లాడుకుంటున్నాయని అర్థం. నిలబడి చదివేవాళ్లకు అన్నిటికన్నా ధైర్యమిచ్చే లక్షణం ఇదే. ఆపైన వేగం పెరిగే మెట్టలూ, తగ్గే పల్లాలూ. నొప్పితో పాటే వచ్చి పోయే పల్లం సాధారణంగా భయపెట్టేది కాదు. చటుక్కున పడి లేచే పల్లం ఎక్కువగా బొడ్డుతాడు నొక్కుకోవడం వల్ల వస్తుంది. నొప్పి తీవ్రత దాటాక మొదలై ఆలస్యంగా తేరుకునే పల్లం పదే పదే వస్తే బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతోందేమోనని అనుమానించాలి.

చిక్కు ఎక్కడంటే, వణుకు తగ్గడానికి ఆక్సిజన్ లేమి ఒక్కటే కారణం కాదు. బిడ్డ నిద్రపోయినా తగ్గుతుంది. తల్లికి నొప్పి తగ్గడానికి పెథిడిన్ ఇచ్చినా, గుర్రపువాతం అనే ఎక్లాంప్సియా రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చినా తగ్గుతుంది. తల్లికి జ్వరం వస్తే బిడ్డ గుండె వేగం పెరుగుతుంది. ఒక్కోసారి యంత్రం తల్లి నాడినే పట్టుకుని బిడ్డదిగా చూపిస్తుంది. కాగితం వేగం కూడా కంటిని మోసం చేయగలదు. అమెరికాలో నిమిషానికి 3 సెంటీమీటర్లు నడుస్తుంది, యూరప్‌లో చాలాచోట్ల 1 సెంటీమీటరే. ఒకదానికి అలవాటుపడ్డ కన్ను రెండోదాన్ని చదివితే పల్లాల ఆకారమే మారిపోయినట్టుంటుంది.

ఈ గందరగోళాన్ని తగ్గించడానికి వర్గీకరణలు పుట్టాయి. అమెరికాలో 2008 నుంచి మూడు కేటగిరీలు: మొదటిది నిశ్చింత, మూడోది తక్షణ ప్రమాదం, రెండోది మధ్యలో మిగిలినదంతా. ప్రసూతి వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య ఫిగో 2015లో మామూలు, అనుమానాస్పదం, ప్రమాదకరం అనే మెట్లు ఇచ్చింది. బ్రిటన్‌లో నైస్ సంస్థ మార్గదర్శకాలు వేరు. వర్గీకరణ ఎంత పదునుగా ఉన్నా కాన్పులు వచ్చి ఆగేది మధ్య గదిలోనే. అమెరికాలో 48 వేలకు పైగా కాన్పులను పరిశీలించిన 2011 నాటి అధ్యయనంలో, 84 శాతం మంది ఏదో ఒక సమయంలో రెండో కేటగిరీలో ఉన్నారు. నిక్కచ్చిగా ప్రమాదం అనదగ్గ మూడో కేటగిరీలోకి వెళ్లినవాళ్లు వెయ్యికి ఒక్కరు. అంటే వైద్యుల నిర్ణయాల్లో ఎక్కువ భాగం ఏ పుస్తకమూ ఖాయంగా జవాబు చెప్పని చోటే జరుగుతున్నాయి. కేసులు పుట్టేదీ ఆ చోటనే.

ప్రయోగాలు చెప్పినదేమిటి

యంత్రాన్ని చెవితో పోల్చిన ప్రయోగాల్లో పెద్దది డబ్లిన్ ప్రయోగం. 1985లో వెలువడిన దాని ఫలితాల్లో 12,964 మంది తల్లులున్నారు. సగం మందికి యంత్రం పెట్టారు. మిగతా సగానికి నర్సు పక్కనే ఉండి నిర్ణీత వ్యవధిలో గుండె చప్పుడు విన్నది. యంత్రం పెట్టినవాళ్ల బిడ్డల్లో 12 మందికి, చప్పుడు విన్న వర్గం బిడ్డల్లో 27 మందికి పుట్టిన తొలి రోజుల్లో ఫిట్స్ వచ్చాయి. ఇది చిన్న లాభం కాదు. కానీ నాలుగేళ్ల వయసులో మళ్లీ చూస్తే సెరిబ్రల్ పాల్సీలో రెండు వర్గాలకూ తేడా లేదు.

తర్వాత కాక్రేన్ సమీక్ష 13 ప్రయోగాలను, 37 వేలకు పైగా తల్లులను కలిపి లెక్కించింది. వచ్చిన ఫలితం డబ్లిన్ మాటే: ఫిట్స్ సగానికి తగ్గాయి, శిశు మరణాల్లో, సెరిబ్రల్ పాల్సీలో చెప్పుకోదగ్గ తేడా లేదు, సిజేరియన్లు 60 శాతానికి పైగా పెరిగాయి. సెరిబ్రల్ పాల్సీ అరుదైన సమస్య కాబట్టి చిన్న తేడాను పట్టేంత పెద్ద ప్రయోగాలు ఇవి కావన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా యంత్రం అమ్మినవాళ్లు వాగ్దానం చేసింది చిన్న తేడా కాదు.

గీతకు తోడు పరికరాలు కూడా వచ్చాయి. బిడ్డ తల మీద చిన్న గాటు పెట్టి రక్తం పరీక్షించే పద్ధతిని 1962లో బెర్లిన్‌లో సాలింగ్ మొదలుపెట్టాడు. బిడ్డ రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సిమెట్రీ మీద 2006లో, బిడ్డ ఈసీజీ అలలను విశ్లేషించే పద్ధతి మీద 2015లో అమెరికాలో పెద్ద ప్రయోగాలు జరిగాయి. రెండూ లాభం చూపలేదు. మనిషి కన్ను సరిగా చదవడం లేదు, కంప్యూటర్ చదివితే మారుతుందేమోనని బ్రిటన్, ఐర్లండ్‌లలో 46 వేల మంది తల్లులతో ఇన్ఫెంట్ ప్రయోగం చేశారు. 2017లో వచ్చిన జవాబు: చెడు ఫలితాలు రెండు వర్గాల్లోనూ 0.7 శాతమే. గీతలోనే లేని సమాచారాన్ని కంప్యూటరు పుట్టించలేదు.

ఈ సాక్ష్యం మీదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది: ఆరోగ్యంగా ఉండి, నొప్పులు వాటంతటవే వచ్చిన తల్లికి సీటీజీ ఆపకుండా పెట్టాల్సిన పనిలేదు. చేతి డాప్లర్‌తోనో గొట్టంతోనో, నొప్పులు ఊపందుకున్నాక 15 నుంచి 30 నిమిషాలకోసారి, బిడ్డ కిందికి జారే దశలో 5 నిమిషాలకోసారి వినాలి. బీపీ, షుగర్, బిడ్డ ఎదుగుదల తగ్గడం, ఉమ్మనీటిలో బిడ్డ మలం కలవడం, ఆక్సిటోసిన్ డ్రిప్ లాంటివి ఉన్నప్పుడు యంత్రానికి చోటుందని చాలా దేశాల మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి.

ఒకే గీత, నలుగురి నాలుగు మాటలు

1987లో నీల్సన్ బృందం 50 గీతలను నలుగురు ప్రసూతి వైద్యులకు ఇచ్చింది. నలుగురూ ఒకే మాట మీదికి వచ్చినవి 22 శాతం. రెండు నెలల తర్వాత అవే గీతలు మళ్లీ ఇస్తే, తాము మొదట చెప్పినదానికి భిన్నంగా చెప్పినవి 21 శాతం. ఒక వైద్యుడు ఇంకొక వైద్యుడితోనే కాదు, తనతో తానే విభేదిస్తున్నాడు.

న్యాయమూర్తులు గుర్తుపెట్టుకోవలసిన అధ్యయనం ఇంకొకటి 1998లో వచ్చింది. ఒకే గీతను చూపి కొందరికి బిడ్డ బాగుందనీ, కొందరికి బిడ్డ దెబ్బతిన్నదనీ చెప్పారు. చెడు ఫలితం విన్నవాళ్లకు గీతలో ప్రమాద సూచనలు ఎక్కువ కనిపించాయి, వైద్యుల తీరు కూడా తప్పుగా తోచింది. కోర్టులో నిపుణ సాక్షి పరిస్థితి ఇదే. అతను అబద్ధమాడనక్కర్లేదు. ముగింపు తెలిసిన కథను మొదటి నుంచి చదువుతున్నాడు, అంతే.

మెదడు దెబ్బ ఎప్పుడు తగిలింది

సెరిబ్రల్ పాల్సీ కాన్పు కష్టం వల్లే వస్తుందన్న నమ్మకానికి మూలం 1860ల నాటి లండన్ వైద్యుడు విలియం లిటిల్. మనస్తత్వ శాస్త్రంలోకి వెళ్లకముందు నరాల వైద్యుడిగా పనిచేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1897లోనే ఎదురు ప్రశ్న వేశాడు: కాన్పు కష్టం కావడం కారణం కాక, బిడ్డలో ముందే ఉన్న లోపానికి ఫలితం కాకూడదా? తర్వాతి పరిశోధన ఫ్రాయిడ్ వైపే ఎక్కువ మొగ్గింది. 1988లో పశ్చిమ ఆస్ట్రేలియాలో బ్లెయిర్, స్టాన్లీ జరిపిన అధ్యయనంలో, కాన్పు సమయంలోని ఆక్సిజన్ లేమి కారణమనదగ్గ కేసులు సుమారు 8 శాతం. మిగతావాటి వెనక నెలలు నిండకపోవడం, ఇన్ఫెక్షన్లు, కడుపులో ఉండగానే వచ్చిన స్ట్రోకులు, జన్యు మార్పులు ఉంటాయి.

1996లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన కరిన్ నెల్సన్ బృందం లెక్క ఇంకా సూటిగా ఉంది. పదే పదే ఆలస్యపు పల్లాలు, వణుకు తగ్గడం అనే ప్రమాద సూచనలు కనిపించిన బిడ్డల్లో తర్వాత సెరిబ్రల్ పాల్సీ వచ్చినవాళ్లు వెయ్యికి ఇద్దరే. మిగతా 998 మంది విషయంలో ఆ హెచ్చరిక వట్టిది. అమెరికాలో 1970లో 5 శాతం చుట్టూ ఉన్న సిజేరియన్లు తర్వాత 30 శాతం దాటాయి. నెలలు నిండి పుట్టే పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ మాత్రం దశాబ్దాల పాటు కదలలేదు.

పశ్చిమ దేశాల ఈ 8 శాతాన్ని మన దగ్గరికి యథాతథంగా తెచ్చుకోకూడదు. రక్తహీనత, కాన్పుకు ఆలస్యంగా చేరడం, రెఫరల్‌లో పోయే గంటలు ఉన్నచోట కాన్పు సమయంలో తగిలే దెబ్బల వాటా ఎక్కువే ఉండవచ్చు. అయినా కారణం ఒక్కటే అనుకోవడం ఇక్కడా తప్పే. పుట్టాక ఊపిరాడని బిడ్డ శరీరాన్ని 72 గంటలు చల్లబరిచే చికిత్స సంపన్న దేశాల్లో మేలు చేస్తుంది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది బిడ్డలతో జరిగిన హెలిక్స్ ప్రయోగంలో అదే చికిత్స మేలు చేయకపోగా మరణాలు 31 నుంచి 42 శాతానికి పెరిగాయని 2021లో తేలింది. ఒకేలా కనిపించే జబ్బు ఇక్కడా అక్కడా ఒకటి కాకపోవచ్చన్న అనుమానానికి ఇది గట్టి ఆధారం.

అందుకే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2003లో, మళ్లీ 2014లో, కాన్పులోనే దెబ్బ తగిలిందని చెప్పడానికి గీత ఒక్కటే చాలదన్నది. పుట్టిన వెంటనే బొడ్డుతాడు ధమని రక్తంలో పీహెచ్ 7.0 కన్నా తక్కువ ఉండటమో, ఆమ్లత్వం అంత తీవ్రంగా ఉండటమో చూడాలి. పుట్టిన బిడ్డ స్థితికి వేసే ఆప్గార్ స్కోరు అయిదో నిమిషంలో, పదో నిమిషంలో 5 కన్నా తక్కువ ఉందా, ఎంఆర్ఐలో ఆక్సిజన్ లేమికి తగిన నమూనా ఉందా, వేరే కారణాలు లేవా అన్నవి కలిపి చూడాలి. వీటిలో బొడ్డుతాడు రక్త పరీక్ష పుట్టిన నిమిషాల్లో చేయకపోతే ఇక దొరకదు. మన చిన్న ఆసుపత్రుల్లో అది అరుదు. దాంతో నిజంగా తప్పు చేసినవాళ్లకూ, ఏ తప్పూ చేయనివాళ్లకూ చేతిలో ఒకే కాగితం మిగులుతుంది.

అమెరికా, బ్రిటన్ దారులు

అమెరికాలో తీర్పు చెప్పేది సామాన్య పౌరుల జ్యూరీ. 1985లో నార్త్ కరొలైనాలో ఒక సెరిబ్రల్ పాల్సీ కేసు వాదించిన జాన్ ఎడ్వర్డ్స్, మానిటరు రికార్డును గంట గంటకూ వివరిస్తూ, కడుపులోని బిడ్డ గొంతుతో మాట్లాడినట్టు వాదించాడు. జ్యూరీ ఆసుపత్రి మీద 65 లక్షల డాలర్ల పరిహారం వేసింది. జడ్జి తర్వాత దాన్ని తగ్గించాడు. అదే ఎడ్వర్డ్స్ సెనేటర్ అయ్యి, 2004లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశాడు. గీతకు శాస్త్రం ఇవ్వని గొంతును న్యాయవాది ఇవ్వగలడని ఆ కేసు చూపింది. బీమా ఖర్చు భరించలేక వైద్యులు కాన్పులు మానేస్తున్నారన్న ఆందోళనతో వర్జీనియా 1987లో, ఫ్లోరిడా 1988లో, కాన్పులో మెదడు దెబ్బతిన్న బిడ్డలకు తప్పు ఎవరిదో తేల్చకుండానే సాయం చేసే నిధులు పెట్టాయి.

బ్రిటన్‌లో ఈ కేసులకు జ్యూరీ ఉండదు. 1957 నాటి బోలమ్ తీర్పు ప్రకారం, బాధ్యతగల వైద్యుల వర్గం ఒకటి సమ్మతించే పద్ధతిలో చేస్తే అది నిర్లక్ష్యం కాదు. 1997లో బోలిథో తీర్పు, ఆ వర్గం అభిప్రాయం తర్కానికి నిలవాలని షరతు పెట్టింది. 2015లో మాంట్‌గొమరీ తీర్పు, తల్లికి ముఖ్యమనిపించే ప్రమాదాన్ని ఆమెకు చెప్పి తీరాలన్నది. మధుమేహం ఉన్న ఆ తల్లికి బిడ్డ భుజాలు ఇరుక్కునే అవకాశం 9-10 శాతం ఉందని చెప్పలేదు. బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. పరిహారం 52.5 లక్షల పౌండ్లు.

ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవపై 2000 నుంచి 2010 వరకు వచ్చిన ప్రసూతి క్లెయిములు 5,087, వాటి విలువ 310 కోట్ల పౌండ్లు. గీతను తప్పుగా చదవడం ప్రధాన కారణాల్లో ఒకటి. అయితే తర్వాత జరిగిన పరిశీలనల్లో తరచూ బయటపడింది గీతలోని ఏదో సూక్ష్మం అందకపోవడం కాదు. వినాల్సినంత తరచుగా వినకపోవడం, అనుమానం వచ్చినా పైవాళ్లను పిలవకపోవడం, డ్రిప్ ఆపకపోవడం, సిజేరియన్ నిర్ణయానికీ ఆపరేషన్‌కూ మధ్య జాప్యం. పరిష్కారం కూడా అక్కడే దొరికింది. బ్రిస్టల్‌లో వైద్యులకూ మిడ్‌వైఫ్‌లకూ కలిపి ఏటా ఒకే గదిలో శిక్షణ ఇస్తే, ఆక్సిజన్ లేమితో మెదడు దెబ్బతిన్న బిడ్డలు పది వేలకు 27.3 నుంచి 13.6కు తగ్గారని 2006లో డ్రేకాట్ బృందం చూపింది. ఏ కొత్త యంత్రమూ ఇంతటి ఫలితం చూపలేదు.

మన చట్టం ఏమంటుంది

మన దేశంలో ఈ తగవులకు పెద్ద దారి తెరిచింది 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో ఇచ్చిన తీర్పు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందన్నది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి దాని కిందికి రాదు. అక్కడ నష్టపోయిన కుటుంబానికి సివిల్ కోర్టో హైకోర్టో దిక్కు. 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో, తప్పు ఇంజక్షన్ వల్ల బిడ్డ మెదడు దెబ్బతిన్నప్పుడు, బిడ్డే కాక తల్లిదండ్రులు కూడా వినియోగదారులేనని కోర్టు చెప్పి, వాళ్లకు విడిగా పరిహారం ఇప్పించింది. కాన్పు కేసులకు అది ముఖ్యమైన ఆధారం.

2005లో జాకబ్ మాథ్యూ తీర్పు బోలమ్ సూత్రాన్ని మన చట్టంలో స్థిరపరిచింది. అంచనాలో పొరపాటు, సాధారణ అజాగ్రత్త నేరం కావు. తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ కేసు. దర్యాప్తు అధికారి ముందుగా స్వతంత్ర వైద్య అభిప్రాయం తీసుకోవాలి అన్నది. 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, వైద్య ప్రక్రియలో నిర్లక్ష్యం వల్ల మరణం జరిగితే వైద్యుడికి రెండేళ్ల వరకు జైలు అంటోంది. ఇతరులకు అయితే అయిదేళ్ల వరకు. జాకబ్ మాథ్యూ తీర్పు వచ్చి ఏళ్లు గడిచినా, 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో కాన్పు తర్వాత రక్తస్రావంతో తల్లి చనిపోతే వైద్యురాలి మీద హత్య కేసు పెట్టారు. ఆమె ఆత్మహత్య చేసుకుంది. సుప్రీంకోర్టు గీసిన హద్దు పోలీసు స్టేషను దాకా రాలేదు.

హైదరాబాద్ కేసులు రెండు ఇక్కడ ప్రస్తావించాలి. 2009లో నిమ్స్ కేసులో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చింది. శస్త్రచికిత్సకు సరైన సమ్మతి తీసుకోకపోవడం అందులో ఒక కీలకాంశం. 2010లో వి. కిషన్‌రావు కేసులో, మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన సందర్భంలో, ప్రతి ఫిర్యాదుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదన్నది. తప్పు పైకే కనిపిస్తున్నప్పుడు ఆ మాట న్యాయం. సీటీజీ కేసులు ఆ రకం కావు. నలుగురు నిపుణులు నాలుగు రకాలుగా చదివే గీతను వినియోగదారుల కమిషన్ సభ్యులు సొంతంగా చదివి తీర్పు చెప్పబోతే, పొరపాటు రెండు వైపులా జరుగుతుంది.

రికార్డుల సంగతికొస్తే, వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు దాచాలి, అడిగిన 72 గంటల్లో నకలు ఇవ్వాలి. సీటీజీ ముద్రించే థర్మల్ కాగితం ఆ మూడేళ్లు కూడా నిలవకపోవచ్చు. వేడికీ వెలుతురుకూ గీత వెలిసిపోతుంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. సెరిబ్రల్ పాల్సీ ఖాయంగా తేలేసరికే ఏడాదిన్నర, రెండేళ్లు గడిచిపోవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించే వీలుంది గానీ, అప్పటికి కాగితం తెల్లబడి ఉంటే ఎవరి వాదనకూ ఆధారం ఉండదు.

మన లేబర్ రూముల్లో

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్లు దేశంలో 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 80 శాతం దాటాయి. దీనికంతటికీ సీటీజీని తప్పుపట్టలేం. ముహూర్తాలున్నాయి, నొప్పుల భయం ఉంది, ఆసుపత్రి బిల్లు ఉంది, రాత్రి డ్యూటీకి మనుషులు లేకపోవడం ఉంది. కానీ "బిడ్డ గుండె తగ్గుతోంది, ఆపరేషన్ చేయాలి" అన్న మాటకు ఎదురు చెప్పగల కుటుంబం ఉండదు. ఆపరేషన్ చేస్తే కేసు రాదు, ఆగి చూస్తే రావచ్చు. భయంతో చేసిన సిజేరియన్ వల్ల తర్వాతి కాన్పుల్లో మాయ పాత కుట్టు దగ్గర అంటుకుపోవడం, గర్భసంచి చిట్లడం లాంటి ప్రమాదాలు ఆ తల్లి మోస్తుంది. ఆ లెక్క ఏ కోర్టుకూ రాదు.

ఇక్కడొక మెలిక ఉంది. పశ్చిమ దేశాల ప్రయోగాల్లో యంత్రానికి పోటీగా నిలిచింది ఒక్కో తల్లి పక్కన ఒక్కో నర్సు కూర్చుని వినడం. మన జిల్లా ఆసుపత్రిలో ఒకే నర్సు అయిదారు మంచాలు చూస్తున్నప్పుడు ఆ పోటీయే లేదు. అక్కడ యంత్రం పెట్టి వెళ్లిపోవడం ఒక రకం గుడ్డితనం, పదిహేను నిమిషాలకోసారి విన్నట్టు తెల్లవారాక కేస్ షీట్లో ఒకేసారి రాసేయడం ఇంకో రకం. తెలంగాణ 2017లో మొదలుపెట్టిన మిడ్‌వైఫరీ శిక్షణ, లేబర్ రూముల నాణ్యత పెంచడానికి కేంద్రం అదే ఏడాది తెచ్చిన లక్ష్య కార్యక్రమం సరైన దిక్కుకే చూస్తున్నాయి. మంచానికో మనిషి దొరికే దాకా అవి సగం పనే.

తప్పును ఎక్కడ వెతకాలి

తప్పును గీతలో వెతకడం మాని, గీత చుట్టూ జరిగిన పనిలో వెతకాలి. కమిషన్ ముందు నిలవాల్సిన ప్రశ్నలు ఇవి. తల్లికి ప్రమాద లక్షణాలున్నాయా, వాటికి తగిన పర్యవేక్షణ పెట్టారా? ఎన్ని నిమిషాలకోసారి విన్నారు, ఎప్పటికప్పుడు రాశారా? అనుమానం వచ్చినప్పుడు డ్రిప్ ఆపారా, తల్లిని పక్కకు తిప్పారా, సీనియర్‌ను పిలిచారా? నిర్ణయం నుంచి ఆపరేషన్‌కు ఎంతసేపు పట్టింది, ఎందుకు? తల్లికి ఏం చెప్పారు? ఈ ప్రశ్నలకు జవాబు ఫలితం మీద ఆధారపడదు. అర్ధరాత్రి చదివినవాళ్లకు అందుబాటులో ఉన్నదాన్నిబట్టే జవాబు దొరుకుతుంది. గీతను నిపుణుడు చదవాల్సి వస్తే, బిడ్డ ఏమైందో ముందుగా చెప్పకుండా చదివించే ఏర్పాటు కమిషన్లకు కష్టమేమీ కాదు.

ఆసుపత్రులు చేయాల్సింది ఖర్చుతో కూడినది కాదు. యంత్రం గడియారాన్ని గోడ గడియారంతో సరిచూడాలి. గీతను పుట్టిన రోజే స్కాన్ చేసి దాచాలి. కష్టమైన కాన్పుల్లో బొడ్డుతాడు రక్తం పరీక్షించాలి. నర్సులకూ డాక్టర్లకూ కలిపి శిక్షణ ఇవ్వాలి. ఆ రికార్డు నిజాయితీపరుడికి రక్షణ, నిర్లక్ష్యపరుడికి సాక్ష్యం.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం కోర్టు బయట ఉంది. ఒకే వైకల్యం ఉన్న ఇద్దరు బిడ్డల్లో, నిర్లక్ష్యం రుజువైన బిడ్డకు లక్షలు, రుజువు కాని బిడ్డకు శూన్యం. జపాన్ 2009లో తెచ్చిన పథకం, అర్హత ఉన్న సెరిబ్రల్ పాల్సీ బిడ్డకు తప్పెవరిదన్నది తేలకముందే 3 కోట్ల యెన్‌లు విడతలుగా ఇస్తుంది. ప్రతి కేసు కారణాన్ని విశ్లేషించి, మళ్లీ జరగకుండా నివేదికలు ప్రచురిస్తుంది. మన దగ్గర నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు భరిస్తుంది. ఏళ్ల తరబడి ఫిజియోథెరపీ కావాల్సిన బిడ్డకు అది ఏ మూలకూ రాదు. కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతున్న రెండు తెలుగు రాష్ట్రాలు జపాన్ తరహా నిధికి శ్రీకారం చుట్టడానికి తగిన చోటు. బిడ్డకు ఫిజియోథెరపీ కావాలంటే తల్లిదండ్రులు ముందు ఎవరినో ఒకరిని దోషిగా నిరూపించాలన్న పరిస్థితి పోవాలి. అది పోతే వైద్యులు భయంతో కోసే కోతలు తగ్గుతాయి, నిజమైన నిర్లక్ష్యాన్ని శిక్షించడానికి కోర్టులకు తీరిక దొరుకుతుంది.